కోటిగాడి పెళ్లి చెడగొట్టి, బాగుచేయడానికి లిపోవా వెళ్లొచ్చిన వైనం

లిపోవా అనే ఊరిని ఫోన్ మ్యాప్‌లో చూపిద్దామని వేలు పెడితే, ఊరు మొత్తం వేలి కిందకి వెళ్లిపోతుంది. డాలస్‌కి దక్షిణంగా నూటయాభై మైళ్ల దూరంలో, పత్తి చేల మధ్య ఉంటుంది. వందేళ్లకు ముందెప్పుడో చెక్ దేశం నుంచి ఓడెక్కి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. ఒక చర్చి, పత్తి గింజలు తీసే జిన్ను మిల్లు ఒకటి, ఒక బేకరీ, ఒక మాంసం కొట్టు, అంతే. అందరూ ఊళ్లు చూడటానికి వెళతారు. నేను మాత్రం క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను.

సంగతి ఏమిటంటే, కోటేశ్వరరావు అనే కోటిగాడూ నేనూ నరసరావుపేటలో ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. ఆ తర్వాత వాడు తొమ్మిదిలోకి వెళ్లాడు, నేను హోటల్లో గ్రైండర్ దగ్గరకు వెళ్లాను. వాడు చదివి చదివి హెచ్-వన్ మీద అమెరికా వచ్చాడు. మా అక్క పిటిషన్ పెట్టి, అది పండేదాకా ఏళ్ల తరబడి కాచుకుని, చివరికి నేనూ వచ్చాను. డాలస్ పక్కన, అప్పట్లో కోటి ఉన్న ఇర్వింగ్‌లోనే ఒక టిఫిన్ సెంటర్లో దోసెలు వేస్తాను. ఇక్కడి తెలుగువాళ్ల పార్టీల్లో ఎవరైనా "మీరెక్కడ చేస్తారండీ?" అని అడిగితే "పెనం మీదండీ" అంటాను. సగంమంది నవ్వుతారు. మిగతా సగం ఇంకొకరిని పలకరించడానికి వెళ్లిపోతారు.

రెండేళ్ల కిందట కోటిగాడికి టెంపుల్ అనే ఊళ్లో, ఆసుపత్రి కంప్యూటర్లు చూసే పని పడింది. దానికి ఇరవై మైళ్ల దూరంలో లిపోవాలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మొదటి పెళ్లి నిలవక, పదేళ్లుగా వాడిది ఒంటి బతుకు. అక్కడి బేకరీ నడిపే లిబీ అనే ఆవిడతో రోజూ కాఫీ తాగి తాగి, నలభైమూడేళ్లకు పెళ్లి దాకా వచ్చాడు. ఆ కబురు తెలిసిన రోజు నేను ఊరుకోకుండా ఫోన్ చేశాను. వాడు ఎత్తగానే మొదలుపెట్టాను.

"ఏరా కోటీ, గ్రీన్ కార్డ్‌కి భలే షార్ట్‌కట్ కొట్టావురా! జాక్‌పాట్! పైగా మామగారి ఫార్మ్ కూడా ఫ్రీ అంటగా!"

అవతల ఇంజన్ శబ్దం మాత్రం వినిపించింది. వాడు కారు నడుపుతున్నాడు, ఫోను కారు స్పీకర్లకు కలిసి ఉంది, పక్కన లిబీ, వెనక సీట్లో డెబ్బైఎనిమిదేళ్ల ఆమె తండ్రి ఎమిల్. తెలుగులో మాట్లాడితే తెల్లవాళ్లకి అర్థం కాదని మనందరికీ ఒక ధీమా. కానీ మన తెలుగులో తెలుగెంత ఉంది? వెనక సీట్లో పెద్దాయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడట. "గ్రీన్ కార్డ్. షార్ట్‌కట్. జాక్‌పాట్. ఫార్మ్. ఫ్రీ. మిగతాది నువ్వు నాకు అనువాదం చేయక్కర్లేదు" అన్నాడట కోటిగాడితో.

ఆ రోజు నుంచి పెళ్లి మాట ఆగిపోయింది. లిబీ కోటిని నమ్మింది. కానీ తండ్రికి మనసు కుదురుపడేదాకా ఆగుదామంది. పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు. ఎవడైతే ఆ మాట అన్నాడో వాడే వచ్చి, మొహం మీద చెప్పాలి.

"రారా. వచ్చి నువ్వే చెప్పుకో" అన్నాడు కోటి. ముప్ఫై అయిదేళ్ల స్నేహంలో వాడు నన్ను తిట్టకుండా మాట్లాడటం అదే మొదలు. అందుకే భయమేసింది.

నవంబరు మొదటి శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటి నుంచి బయల్దేరాను. నాకు లైసెన్సు ఉంది, హైవే ఎక్కే గుండె లేదు. కాబట్టి రైలు. మా ఆవిడ సుజాత ఒక సంచిలో పులిహోర, ఇంకో సంచిలో గోంగూర పచ్చడి పెట్టి, ముందు రోజు సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర కొన్న పసుపు చామంతుల కుండీ చేతిలో పెట్టింది. "శుభమా అని పెళ్లి మాటలకు వెళుతున్నారు, ఉత్త చేతులతో వెళ్లకూడదు. ఇంకోటి, మీకు నోట్లోకి జోక్ వస్తే పులిహోర పెట్టుకోండి" అంది.

ఇర్వింగ్ నుంచి సిటీ రైల్లో డాలస్ డౌన్‌టౌన్‌కి ముప్పావు గంట. మధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాల తక్కువలో పెద్ద రైలు. టికెట్టు ముప్ఫై డాలర్ల చిల్లర, నెల ముందు కొంటే ఇంకా తక్కువట. మీరెవరైనా వెళితే కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎడమవైపు ఎండ పడుతుందని నాకు టికెట్ చూసేవాడు చెప్పాడు. నేను కుడివైపే కూర్చున్నాను. ఎండ నా మీదే పడింది. ఆయన ఏ దిక్కుకు మొహం పెట్టి చెప్పాడో మరి.

పక్క సీట్లో శాన్ ఆంటోనియో వెళుతున్న ఒక నల్ల పెద్దావిడ ఊలు అల్లుకుంటోంది. నా ఒళ్లో కుండీని చాలాసేపు చూసింది.

"సీటు కింద పెట్టొచ్చుగా నాయనా?"

"విరుగుతాయమ్మా. పెళ్లి మాటలకు తీసుకెళ్తున్నా."

"నీకా?"

"నాకు అయిపోయింది. మా ఆవిడ ఇంకా అప్పీలు చేసుకోలేదు."

ఆవిడ భుజాలు అదిరేలా నవ్వి, సంచిలోంచి పిన్నీసు తీసి, కుండీకి చుట్టిన బంగారు కాగితం ఊడిపోకుండా గుచ్చిపెట్టింది. ఫోర్ట్‌వర్త్‌లో రైలు చాలాసేపు ఆగింది. అందరూ దిగి కాళ్లు సాగదీసుకున్నారు. నేను కూర్చుని, ఇంగ్లీషులో చెప్పాల్సిన నాలుగు ముక్కలు కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. 'ఐ యామ్ సారీ సర్' అన్నదాని తర్వాత ఏం రాయాలో తోచలేదు. పులిహోర తిన్నాను.

మూడు దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి. పత్తి తీసేసిన చేలు, వాటి పక్కన పసుపు పట్టా చుట్టిన పెద్ద పెద్ద పత్తి చుట్టలు. మా పల్నాటి పొలాలను ఎవరో ఇస్త్రీ చేసి పరిచినట్టు చదునుగా ఉంది. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. పత్తి తీసేది యంత్రమేనట. మా అమ్మ చేతివేళ్ల పగుళ్లు గుర్తొచ్చి, ఆ యంత్రానికి మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.

నాలుగూ యాభై అయిదుకు టెంపుల్. రైలు పావుగంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కోటిగాడు నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, నాలుగు కేజీలు తగ్గాడు.

"వచ్చావా" అన్నాడు.

"వచ్చానురా. కారులో ఫోను ఆపావా?"

"ఇంకా జోకులేనట్రా నీకు! ఆయనతో కూడా ఇట్టాగే మాట్లాడతావా ఏంది?"

తర్వాత ఇరవై మైళ్లూ మిగిలిన పులిహోర తిన్నాను. వాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

లిపోవాలో అయిదున్నరకు దిగాం. ఊరి మధ్యలో తెల్లటి చర్చి, దాని గోపురం కన్నా ఎత్తుగా జిన్ను. ఎమిల్ గారి ఇల్లు ఊరి చివర, చెక్క ఇల్లు, చుట్టూ వసారా. లిబీ తలుపు తీసింది. బలమైన మనిషి, మోచేతి దాకా పిండి మరకలు, కళ్లు మాత్రం ఏడ్చి కడుక్కున్నట్టున్నాయి. ఆమె వెనకే పెద్దాయన. ఆరడుగులు, పట్టీల ప్యాంటు, పెద్ద చెవులు. రైల్లోలాగే ఇక్కడా వీళ్లతో మాటలన్నీ ఇంగ్లీషువే. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

నేను కాగితం గుర్తు తెచ్చుకుంటూ, రెండు చేతులతో కుండీ ముందుకు చాపాను. ఎమిల్ పూలవంక చూశాడు. నావంక చూశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

లిబీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కోటిగాడు కళ్లు మూసుకున్నాడు. అప్పుడు లిబీ మెల్లగా చెప్పింది. వాళ్లలో చామంతులు సమాధుల మీదే పెడతారు, గుమ్మం లోపలికి తేరు. పైగా ఇది పోయినవాళ్లను తలుచుకునే వారం. అంటే నేను పెళ్లి మాటలకు సరిగ్గా ఆ వారంలో, సరిగ్గా ఆ పూలు, బంగారు కాగితం చుట్టి మరీ తెచ్చానన్నమాట.

"మా దగ్గర ఇవి పెళ్లి పూలు సార్. దేవుడికీ ఇవే, గుమ్మానికీ ఇవే."

"మా దగ్గర చచ్చినవాళ్లకి" అన్నాడాయన. కుండీని చేతిలోకి తీసుకుని, మట్టిలో వేలు గుచ్చి తడి ఉందో లేదో చూశాడు. "సరే, తెచ్చావుగా. నాకు కొనే పని తప్పింది. ట్రక్కెక్కు. నువ్వొక్కడివే."

కోటిగాడు నావంక చూసిన చూపు మాత్రం మరిచిపోలేను. పిల్లవాడిని పరీక్ష హాలు దగ్గర వదిలే తండ్రి చూపు.

సమాధుల తోట ఊరికి అర మైలు దూరం, పత్తి చేను అంచున. రాళ్ల మీద చెక్ పేర్లు, అక్షరాల నెత్తిన కొమ్ములూ చుక్కలూ. ఎర్ర గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు అక్కడక్కడా వెలుగుతున్నాయి. పొద్దు ఇంకా పోలేదు. ఎమిల్ ఒక రాయి ముందు ఆగాడు. ఆల్బినా అని ఉంది, ఆయన భార్య. పక్కనే ఆయన పేరు కూడా చెక్కి ఉంది, పోయిన సంవత్సరం దగ్గర ఖాళీగా. బతికున్న మనిషి తన పేరున్న రాయి పక్కన నిలబడి గడ్డి పీకుతుంటే నాకు పది జోకులు వచ్చాయి. పదీ మింగాను.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని కుండీ పెట్టి, బంగారు కాగితం విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేవలేకపోతే నేను చెయ్యిచ్చాను. పట్టుకుని లేచి, చెయ్యి వదలకుండానే అడిగాడు.

"ఇప్పుడు చెప్పు, కారులో చెప్పింది."

"జోక్ వేశాను సార్. ఐ యామ్ సారీ."

"జోకని నాకూ తెలుసు. నేను అరవై ఏళ్లుగా జిన్ను దగ్గర కూర్చుని జోకులు విన్నవాణ్ణి. జోకులో కొంత నిజం ఉంటేనే ఎవడైనా వేస్తాడు. ఇందులో ఎంత?"

కాగితంలో దీనికి జవాబు రాసుకోలేదు. నాకు వచ్చింది హోటల్ ఇంగ్లీషు. దాంతోనే మొదలుపెట్టాను.

"నిజం ఉంది సార్. అది వాడిది కాదు, నాది."

నేను చెప్పాను. ఇర్వింగ్‌లో కోటి ప్రతి గురువారం ఆఫీసు నుంచి నేరుగా నా పెనం దగ్గరకు వచ్చేవాడు. కొట్టు కట్టేసేదాకా కౌంటర్ మీద మోచేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఊళ్లో నన్ను 'ఒరేయ్' అనేది వాడొక్కడే. మిగతావాళ్లకు నేను 'బాబూ, ఇంకొంచెం చట్నీ'. వాడు ఇక్కడికి వచ్చాక నా గురువారాలు ఖాళీ అయ్యాయి. రెండేళ్లలో తిరిగొస్తాడని ఎదురుచూశాను. ఆ రోజు పొద్దున వాడు మెసేజ్ పెట్టాడు, పెళ్లయ్యాక లిపోవాలోనే ఇల్లు కొంటా, ఇక్కడే ఉండిపోతా అని.

"నాకు కడుపు మండింది సార్. జెలస్. 'నన్ను వదిలేసి పోతావట్రా' అని మగాడు మగాణ్ణి ఎలా అడుగుతాడు? అందుకని గ్రీన్ కార్డ్ అన్నాను."

ఎమిల్ నా చెయ్యి వదిలి చేనువైపు తిరిగాడు.

"ఇక్కడే ఉంటానన్నాడా?"

"అన్నాడు సార్. అందుకేగా మండింది."

అప్పుడు ఆయన పెద్ద చెవులు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది.

"నాకు చెప్పలేదు ఆ మాట" అన్నాడు. "నేను అడగలేదు. నా కూతుర్ని తీసుకుని డాలస్‌కో, మీ దేశానికో వెళ్లిపోతాడని ఆర్నెల్లుగా నిద్రలేదు నాకు. కాగితాల సంగతి కాదు."

తోటలో ఇంకో మూలకు నడిపించి, నాచు పట్టిన ఒక రాయిని బూటు కొనతో తట్టి చూపించాడు.

"మా తాత. ఓడ దిగినప్పుడు ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. మా నాయనమ్మను, వాళ్ల నాన్నకున్న నలభై ఎకరాల కోసం చేసుకున్నాడని ఊరంతా అన్నారు."

"అబద్ధమా సార్?"

"నిజమే. నలభై ఎకరాల కోసమే చేసుకున్నాడు. పదకొండుమంది పిల్లలు. ఆమె పోయిన రోజు ఈయన మంచం పట్టి, మూడో వారానికి పక్కకొచ్చి పడుకున్నాడు" అని, "పద, సూప్ చల్లారిపోతుంది" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి కోటిగాడు వసారాలో గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎమిల్ వాడి పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లి, లిబీతో ఒకే మాట అన్నాడు.

"నాలుగు ప్లేట్లు పెట్టు."

నెల రోజుల నుంచి ఆ బల్ల మీద కోటికి ప్లేటు లేదు. లిబీ గభాలున వెనక్కి తిరిగి అల్మరాలోంచి ప్లేట్లు తీస్తూ, ఒకటి జారవిడిచి పగలగొట్టి, పగిలిన ముక్కల్లో నిలబడి నవ్వింది. కోటిగాడు నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఏం చెప్పావురా సచ్చినోడా?"

"నిన్ను తీసుకోవద్దని చెప్పా. ఆయన వినలా."

అబ్బ, వాడు తిట్టేసరికి ప్రాణం లేచొచ్చింది.

కోడి సూపులో సన్న సేమ్యాలాంటివి, తర్వాత సాసేజీ, బంగాళదుంప, పుల్లటి క్యాబేజీ. గోంగూర మూత తీశాను. ఎమిల్ ఒక చెంచా తిని, నీళ్లు తాగి, రెండో చెంచా తిన్నాడు. చివర కొలాచీలు వచ్చాయి. మెత్తటి బన్ను మధ్యలో గుంట, గుంటలో తీపి గసగసాలు. మనం కూరలో నూరే గసగసాలకు ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు. మాంసం పెట్టినదాన్ని చూపించి "ఈ కొలాచీ కూడా బాగుంది" అన్నాను. ఎమిల్ చెంచా కింద పెట్టాడు. మాంసం పెడితే దాని పేరు వేరట, అది ఆ ఊళ్లో తండ్రి పేరు మార్చినంత నేరమట. అది మీరు వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకోండి. చామంతులు కూడా.

లిపోవాలో హోటల్ లేదు. కోటిగాడి ఇంట్లో సోఫా మీద పడుకున్నాను. అమెరికాలో చలికాలానికి ముందు ఆ వారాంతం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆదివారం పొద్దున లేచేసరికి ఒక గంట ఊరికే మిగిలింది. కోటి కాఫీ కలిపాడు. ఆ గంటలో మేము మాట్లాడుకున్నది ఇక్కడ రాయను. గురువారాలు వీడియో కాల్ చేస్తానన్నాడని మాత్రం రాస్తాను. "పెనం కనపడేట్టు పెట్టరా, నీ మొహం ఎవడిక్కావాలి" అన్నాడు.

ఎనిమిదింటికి చర్చికి వెళ్లాం. నేను వెనక నిలబడ్డాను. పైకప్పు నిండా నీలం రంగు, దాని మీద బంగారు చుక్కలు. కిటికీల కింద చెక్ పేర్లు. బయటికొచ్చాక, పెళ్లి జనవరిలో అని ఎమిల్ మెట్ల మీదే చెప్పాడు, అది పొలంలో పని లేని నెల. లోపలికి చెయ్యి చూపించి వివరించాడు. ఎడమవైపు బెంచీలు పెళ్లికూతురి వాళ్లవి, కుడివైపు పెళ్లికొడుకు వాళ్లవి.

"మీ వైపు ఎంతమంది వస్తారు?"

కోటిగాడు నేల చూశాడు. వాడికి తల్లీ తండ్రీ లేరు. తమ్ముడికి వీసా దొరికేది అనుమానం.

"నేనూ మా ఆవిడా సార్" అన్నాను.

ఎమిల్ బెంచీలవైపు చూశాడు.

"ఇద్దరు చాలరు. చర్చి ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. మా వాళ్లలో సగంమందిని మీ వైపు కూర్చోబెడతాను. లావుగా ఉన్నవాళ్లని."

కోటిగాడు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

పదకొండు ముప్ఫై అయిదుకు టెంపుల్‌లో తిరుగు రైలు. లిబీ ఒక అట్టపెట్టె నిండా కొలాచీలు ఇచ్చింది, మాంసంవి వేరే కాగితంలో చుట్టి, నా కోసం పేరు రాసి మరీ. రైలు కదిలాక కాళ్లు చాపుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఒళ్లో కుండీ, గుండెలో రాయి. ఇప్పుడు రెండూ లేవు. నల్లరేగడి మీద మధ్యాహ్నం ఎండ హాయిగా పరుచుకుని ఉంది. ఇంతలో సుజాత ఫోన్.

"ఏమైందండీ? మీరేం కూశారు?"

"ఏం కూయలేదు. కుదిరింది. జనవరిలో పెళ్లి."

అవతల పెద్ద నిట్టూర్పు. దేవుడికి దండం పెట్టుకున్నట్టుంది, గాజులు గలగలమన్నాయి. తర్వాత పెళ్లివారి గొంతు వచ్చేసింది ఆమెకు.

"అయితే బట్టలు చూసుకోవాలి. మగపెళ్లివాళ్లం మనమేగా. మన వైపు నుంచి ఎంతమంది?"

"వందమంది దాకా ఉంటారే."

"వందమందా! ఎవరెవరు?"

"పేర్లు ఇంకా తెలియవు" అన్నాను.